ఈఈఈ మొదలుపెట్టేవాళ్లు ముందు ఏం చదవాలి?

ప్రశ్న ఇది. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఈఈఈలో (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్‌లో) సీటు వచ్చింది, క్లాసులు మొదలవడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఒక సీనియర్ మెషీన్స్, అంటే మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల సబ్జెక్టు, ముందు చదవమన్నాడు. ఇంకొకరు సీ లాంగ్వేజ్ వస్తే చాలు, మిగతావి పరీక్షల ముందు చూసుకోవచ్చన్నారు. ఎవరో ఆర్డ్యునో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) కిట్ కొనమన్నారు. ఒక వీడియోలోనేమో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను వివరించే మాక్స్‌వెల్ సమీకరణాలు అర్థం కాకుండా ఎలక్ట్రికల్ చదవడమే దండగన్నారు. దేనితో మొదలుపెట్టాలి?

సర్క్యూట్లతో మొదలుపెట్టండి. ముందు డీసీ, అది చేతికి వచ్చాక ఏసీ, ఆపైన త్రీ ఫేజ్. మెషీన్స్ ఆ తర్వాత, ఫీల్డ్స్ (మాక్స్‌వెల్ సమీకరణాలు వచ్చే సబ్జెక్టు) ఇంకా తర్వాత. ప్రోగ్రామింగ్, ఆర్డ్యునో పక్కన కొద్దికొద్దిగా సాగవచ్చు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ వరస తప్పి చదివి, నాలుగో ఏడాదిలో ఇంటర్వ్యూల టైముకి మళ్లీ మొదటికి వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. తెలివికి తక్కువైన వాళ్లెవరూ కారు. పునాది కట్టకుండా పైకి పోయారు, అంతే.

నేను సబ్‌స్టేషన్లలో ప్రొటెక్షన్ పని చేస్తాను. రిలేలకు (ఫాల్ట్‌ను పసిగట్టి బ్రేకర్‌ను పడేసే పరికరాలకు) సెట్టింగులు లెక్కగట్టడం, వాటిని టెస్ట్ చేయడం, ఫాల్ట్ వచ్చినప్పుడు బ్రేకర్ ఎందుకు పడిందో, పడాల్సింది ఎందుకు పడలేదో తేల్చడం నా పని. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఇదంతా నేర్పడం కూడా నా మీదే ఉంటుంది. మంచి మార్కులతో వచ్చినవాళ్లు కూడా తరచూ ఆగిపోయేది ఒకటే చోట. రెండు సోర్సులు, నాలుగు రెసిస్టర్లు ఉన్న బొమ్మ గీసి, ఈ కొమ్మలో కరెంటు ఎటు పోతుంది, ఎంత పోతుంది అని అడిగితే పెన్ను కదలదు. అది కదలకపోతే ఫాల్ట్ లెక్క రాదు. ఫాల్ట్ లెక్క రాకపోతే రిలే సెట్టింగ్ రాదు. ఎందుకంటే ఈ చదువులో ముందుముందు వచ్చే పెద్ద విషయాలన్నీ చివరికి ఒక సర్క్యూట్‌గా మారతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈక్వివలెంట్ సర్క్యూట్ గీస్తాం. ఇండక్షన్ మోటారుకు గీస్తాం. వందల కిలోమీటర్ల ట్రాన్స్‌మిషన్ లైనును కూడా ఒక్క ఫేజుకు కుదించి కాగితం మీద చిన్న సర్క్యూట్‌గానే పెడతాం.

"ఓమ్ నియమం, కిర్కాఫ్ నియమాలు ఇంటర్లోనే అయిపోయాయి కదా" అని మీకు అనిపిస్తుంది. ఇక్కడే కాస్త ఆగాలి. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఆ వేగం కోసం మీకు నేర్పింది వేరే విద్య. పన్నెండు రెసిస్టర్లతో కట్టిన ఘనం, అంతం లేని నిచ్చెనలాంటి సర్క్యూట్, సిమెట్రీ చూసి రెండు బిందువులను కలిపేయడం, ఆప్షన్లలో కుదరనివి కొట్టేయడం. ఆ విద్య వృథా అనను, దానివల్ల చురుకు వస్తుంది. కానీ ఇంజనీరు ముందుకు వచ్చే సర్క్యూట్‌లో సిమెట్రీ ఉండదు, నాలుగు ఆప్షన్లు ఉండవు. అక్కడ కావలసింది ఎలాంటి సర్క్యూట్‌నైనా ఒకే తీరుగా పట్టుకునే పద్ధతి. అది నోడల్ అనాలసిస్. ఒక నోడ్‌ను (తీగలు కలిసే బిందువును) సున్నా వోల్టులుగా తీసుకుంటారు, మిగతా నోడ్ల వోల్టేజీలకు పేర్లు పెడతారు, ప్రతి నోడ్ దగ్గర బయటకు పోయే కరెంట్లన్నీ కలిపితే సున్నా అని రాస్తారు, వచ్చిన సమీకరణాలు సాధిస్తారు. చూడటానికి ఇంతే. గ్రిడ్‌లో లోడ్ ఫ్లో (ఏ లైనులో ఎంత పవర్ పోతోందో) లెక్కించే సాఫ్ట్‌వేర్‌కు కూడా మూలం ఇదే, నోడ్లు వేలల్లో ఉంటాయి.

మెష్ అనాలసిస్ (లూపుల వెంట వోల్టేజీలు కూడే పద్ధతి) కూడా నేర్చుకోండి, అయితే చెయ్యి తిరగాల్సింది నోడల్‌లో. గుర్తుల దగ్గర ఒక అలవాటు చేసుకోండి. కరెంటు దిశ మొదట మీకు తోచినట్టు గీసుకుని, ఆ గీసిన దానికి చివరిదాకా కట్టుబడి ఉండండి. జవాబు మైనస్ వస్తే కరెంటు ఎదురు దిశలో పోతోందని అర్థం, భయపడి మధ్యలో గుర్తు మార్చకండి. సగం తప్పులు ఈ మధ్యలో మార్చడం వల్లే వస్తాయి.

ఇక లెక్కతో పాటు కొలత. ఈ రెండింటినీ విడదీయొద్దని నా గట్టి అభిప్రాయం. ముందు కాగితం మీద లెక్క వేయండి, జవాబు రాసుకోండి, తర్వాతే మీటర్ పెట్టండి. మీటర్ చూశాక లెక్క వేస్తే మనసు ఆ అంకెకు తగ్గట్టు లెక్కను వంచేస్తుంది.

ఒక ప్రయోగం చెబుతాను. ఇది నేను కొత్తవాళ్లందరి చేతా చేయిస్తాను. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, 1 మెగాఓమ్ రెసిస్టర్లు రెండు తీసుకోండి. రెండింటినీ సిరీస్‌లో బ్యాటరీకి కలపండి. ఒక్కోదాని దగ్గర 4.5 వోల్టులు ఉండాలి. ఇప్పుడు చవక మల్టీమీటర్‌తో కొలవండి. చాలావరకు 3 వోల్టుల దగ్గర చూపిస్తుంది. రెండో రెసిస్టర్ దగ్గర పెట్టండి, అక్కడా 3. రెండూ కలిపితే 6. మిగతా 3 వోల్టులు ఏమైనట్టు? కిర్కాఫ్ తప్పా, బ్యాటరీ పాడైందా?

ఏదీ కాదు. చాలా చవక మీటర్లలో లోపలి రెసిస్టెన్స్ 1 మెగాఓమ్ ఉంటుంది. మీరు ప్రోబులు పెట్టగానే ఆ రెసిస్టర్‌కు ఇంకో మెగాఓమ్ ప్యారలల్‌గా చేరి అది అర మెగాఓమ్ అవుతుంది. 9 వోల్టులు ఇప్పుడు 1కి, అరకి మధ్య పంచుకుంటాయి, ఒక దాని దగ్గర 6, మీరు కొలిచేదాని దగ్గర 3. కొలుస్తున్నంతసేపూ సర్క్యూట్ మారిపోయి ఉంది. మంచి మీటర్లలో లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓములు ఉంటుంది, దానితో కొలిస్తే 4.29 వస్తుంది. అదీ 4.5 కాదు, కానీ దగ్గరిది. ఈ మూడు అంకెలూ మీరే లెక్కగట్టి, మీరే చూసిన రోజున మీటర్ అంటే ఏమిటో తెలుస్తుంది. అదే లెక్కను థెవెనిన్ పద్ధతిలో, అంటే సర్క్యూట్ మొత్తాన్ని ఒక సోర్సు, దాని వెనక ఒక రెసిస్టెన్స్‌గా కుదించి వేయండి. 4.5 వోల్టుల సోర్సు, వెనక అర మెగాఓమ్, దానికి మీటర్ అనే లోడు. ఒక్క గీతలో అదే జవాబు వస్తుంది.

థెవెనిన్ సిద్ధాంతాన్ని చాలామంది మార్కుల కోసం ఒక లెక్కగా నేర్చుకుని వదిలేస్తారు. నా ఉద్యోగంలో రోజూ వాడేది అదే. 1883లో దాన్ని ప్రచురించిన థెవెనిన్ ఫ్రాన్సులో టెలిగ్రాఫ్ ఇంజనీరు, ఆయన అవసరం కూడా మనలాంటిదే. పెద్ద నెట్‌వర్క్‌ను అంతా చూడకుండా, ఈ రెండు తీగల దగ్గర అది ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం తెలియాలి.

మన ఊళ్లలో లైను చివర ఉన్న ఇల్లు తీసుకోండి. లోడు లేనప్పుడు 235 వోల్టులు ఉన్నాయి. 10 ఆంపియర్ల లోడు వేస్తే 215కి పడిపోయింది అనుకుందాం. 20 వోల్టులు, 10 ఆంపియర్లు. అంటే ఆ ఇంటి స్విచ్‌బోర్డు వెనక ఉన్న మొత్తం వ్యవస్థ, ట్రాన్స్‌ఫార్మరూ తీగలూ జాయింట్లూ అన్నీ కలిపి, సుమారుగా 235 వోల్టుల సోర్సు వెనక 2 ఓములు పెట్టినట్టు. ఇప్పుడు ఆ ఇంట్లో ఫేజు, న్యూట్రల్ షార్ట్ అయితే ఎంత కరెంటు వస్తుంది? 235ను 2తో భాగిస్తే సుమారు 117 ఆంపియర్లు. ఆ ఇంటికి 32 ఆంపియర్ల సీ టైప్ ఎంసీబీ పెట్టారనుకోండి. సీ టైప్ వెంటనే ట్రిప్ అవ్వాలంటే దాని రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్ల కరెంటు కావాలి, అంటే 160 నుంచి 320 ఆంపియర్లు. 117 సరిపోదు. ఎంసీబీ లోపలి పట్టీ వేడెక్కి ట్రిప్ అయ్యేదాకా కొన్ని సెకన్లపాటు ఆ షార్ట్ అలాగే మండుతూ ఉంటుంది. దీన్నిబట్టి ఆ ఇంటికి ఏ ఎంసీబీ పెట్టాలో ఆలోచించవచ్చు. ఇంతా చేసి ఇందులో వాడింది ఓమ్ నియమం, థెవెనిన్. మొదటి ఏడాది సరుకు.

(ఇంట్లో ఈ షార్ట్ ప్రయోగం చేయకూడదని వేరే చెప్పాలా? చెబుతాను. 230 వోల్టుల మీద ఒంటరిగా ఏ ప్రయోగమూ వద్దు. కాలేజీ ల్యాబ్‌లో, పక్కన తెలిసినవాళ్లు ఉండగా మాత్రమే. మొదటి ఏడాదికి 9 వోల్టుల బ్యాటరీ నేర్పగలిగినంత నేర్చుకుంటే చాలు.)

డీసీ తర్వాత వెంటనే ఏసీలోకి దూకకుండా మధ్యలో కెపాసిటర్, ఇండక్టర్ దగ్గర కొన్ని రోజులు ఉండండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 కిలోఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి 9 వోల్టులకు కలిపితే టైమ్ కాన్‌స్టెంట్ 10 సెకన్లు. అంటే కంటితో చూస్తూ, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని రాసుకోగలిగినంత నెమ్మది. 10 సెకన్లకు సుమారు 5.7 వోల్టులు, అంటే 63 శాతం రావాలి. గ్రాఫ్ పేపర్ మీద గీయండి. ఇంటర్లో అవకలన సమీకరణాలు సాధించారు కానీ అవి దేని గురించో ఎవరూ చూపించి ఉండరు. ఇక్కడ అదే సమీకరణం మీ బల్ల మీద నడుస్తుంది. తర్వాత లాప్లాస్ (అవకలన సమీకరణాలను సాధించే ఒక పద్ధతి) వచ్చినప్పుడు, కంట్రోల్ సిస్టమ్స్ వచ్చినప్పుడు ఈ గ్రాఫ్ మీకు బాగా పనికొస్తుంది. కొనే కెపాసిటర్ ఎలక్ట్రోలైటిక్ అవుతుంది, ప్లస్ మైనస్ చూసి పెట్టండి. విలువ కూడా దాని మీద రాసినదానికంటే 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చు కాబట్టి మీ 10 సెకన్లు 11 అయినా కంగారు పడొద్దు.

ఏసీకి వస్తే మీ ఇంటర్ లెక్కల్లో ఒక అధ్యాయం ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. సంకీర్ణ సంఖ్యలు. 1893లో షికాగోలో జరిగిన ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో స్టెయిన్‌మెట్జ్ ఏసీ సర్క్యూట్లను సంకీర్ణ సంఖ్యలతో లెక్కించే పద్ధతి చూపించాడు. దాంతో సైన్ వేవ్‌లను ఒకదాని మీద ఒకటి గీసుకుంటూ చేసే లెక్కలు మామూలు కూడికలు, గుణకారాలు అయిపోయాయి. మీరు డీసీలో నేర్చుకున్న నోడల్, థెవెనిన్ అన్నీ అలాగే వాడవచ్చు, అంకెలు మాత్రం సంకీర్ణ సంఖ్యలు అవుతాయి. డీసీ గట్టిగా వచ్చినవాళ్లకు ఏసీ సులువు కావడానికి కారణం ఇదే. డీసీ సగం సగం వచ్చినవాళ్లకు ఏసీలో రెండు కష్టాలు ఒకేసారి మీద పడతాయి.

ఏసీలో మొదట మనసుకు ఎక్కాల్సింది, వోల్టేజీలను మామూలుగా కూడకూడదని. పాత చోక్ ట్యూబ్‌లైట్ గుర్తుందా? వెలుగుతున్నప్పుడు ట్యూబ్ దగ్గర సుమారు 100 వోల్టులు, చోక్ దగ్గర 200 పైచిలుకు ఉంటాయి. కలిపితే 300 దాటుతుంది, సప్లై మాత్రం 230. రెండూ ఒకే సమయంలో శిఖరానికి చేరవు కాబట్టి ఇలా అవుతుంది. లంబకోణ త్రిభుజం గీసి చూడండి, 230కి దగ్గరగా కుదురుతుంది. ఇక 230 అనేది ఆర్ఎంఎస్ విలువ, నిజంగా శిఖరం 325 వోల్టులు. ఇన్సులేషన్ తట్టుకోవాల్సింది ఆ 325ను.

పవర్ ఫ్యాక్టర్‌ను (వోల్టులు, ఆంపియర్ల లెక్కలో వచ్చే పవర్‌లో నిజంగా పనికి వచ్చే వాటాను) పుస్తకంలో త్రిభుజంగా చదివి వదిలేయొద్దు. పొలంలో 5 హెచ్‌పీ మోటారు తీసుకుని లెక్కగట్టండి. షాఫ్ట్ దగ్గర 3.73 కిలోవాట్లు, ఎఫిషియెన్సీ 85 శాతం అనుకుంటే లోపలికి 4.39 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే 415 వోల్టుల దగ్గర లైన్ కరెంటు సుమారు 7.6 ఆంపియర్లు. దాన్ని 0.95కి తెస్తే 6.4 ఆంపియర్లు. లైన్ నష్టం కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ మోటారు వాటాకు నష్టం 29 శాతం తగ్గుతుంది. దానికి కావలసిన కెపాసిటర్ సుమారు 1.85 కేవీఏఆర్. రైతులను మోటార్లకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టుకోమని డిస్కమ్‌లు ఎందుకు అడుగుతాయో ఈ లెక్క చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ లైన్లకు హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజ్ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్) తెచ్చి, 11 కేవీ లైనును బోర్ల దగ్గరదాకా తీసుకెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం వెనక కూడా ఇదే వర్గం లెక్క ఉంది. 415 వోల్టుల బదులు 11 కేవీలో అదే పవర్ పంపితే కరెంటు సుమారు 26 రెట్లు తగ్గుతుంది, అదే తీగలో నష్టం 700 రెట్లు తగ్గుతుంది.

త్రీ ఫేజ్‌లో పిల్లలు రూట్ త్రీ ఎక్కడ పెట్టాలో బట్టీ పడతారు. దానికంటే ఒక నిజమైన సంఘటన విడమరిచి చూడటం మేలు. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగిందని, వీధిలో కొన్ని ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయని వినే ఉంటారు. తీగ తెగితే కరెంటు పోవాలి గానీ వోల్టేజీ ఎందుకు పెరిగింది? రెండు ఇళ్లు రెండు వేర్వేరు ఫేజుల మీద ఉన్నాయనుకోండి. ఒక ఇంట్లో 2000 వాట్ల గీజర్ నడుస్తోంది, రెండో ఇంట్లో 200 వాట్ల లోడు ఉంది. న్యూట్రల్ ఉన్నంతవరకు ఎవరి 230 వాళ్లది. న్యూట్రల్ తెగాక ఆ రెండు ఇళ్లూ సిరీస్‌లోకి వచ్చి, రెండు ఫేజుల మధ్య ఉన్న 400 వోల్టులకు వేలాడతాయి. 2000 వాట్ల లోడు రెసిస్టెన్స్ సుమారు 26 ఓములు, 200 వాట్లది 264. పదో వంతు లోడు ఉన్న ఇంటి మీద పది రెట్ల వోల్టేజీ పడుతుంది, అంటే 360 దాటి. పొదుపుగా ఒక టీవీ, రెండు లైట్లు వేసుకున్నవాళ్లింట్లోనే సామాను కాలుతుంది. ఇది మీరు మొదటి వారంలో చేసిన వోల్టేజ్ డివైడరే. న్యూట్రల్ జాయింట్ ఎంత ముఖ్యమో, దానిలో ఫ్యూజు ఎందుకు పెట్టకూడదో ఇక ఎవరూ మీకు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక మెషీన్స్. మీ సీనియర్ చెప్పినదాంట్లో ఒక న్యాయం ఉంది, ఈఈఈకి గుండెకాయలాంటి సబ్జెక్టు అదే. కానీ సర్క్యూట్లు రాకుండా మెషీన్స్ మొదలుపెడితే భాగాల పేర్లు, బొమ్మలు, డెరివేషన్లు బట్టీ పట్టడంతోనే సరిపోతుంది. వరసలో వస్తే ముందు మాగ్నెటిక్ సర్క్యూట్, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత ఇండక్షన్ మోటారు చదవండి. డీసీ మెషీన్‌ను కొన్ని కాలేజీల్లో ముందు చెబుతారు, ఆ వరసలో పోయినా నష్టం లేదు. నేమ్‌ప్లేట్లు చదవడం అలవాటు చేసుకోండి. వీధి చివర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 11 కేవీ, 433 వోల్టులు అని ఉంటుంది. దాన్నుంచి ఎల్‌టీ (433 వోల్టుల) వైపు ఫుల్ లోడ్ కరెంటు 133 ఆంపియర్లు, హెచ్‌టీ (11 కేవీ) వైపు 5.25 అని మీరే తీయగలరు. ఇంపిడెన్స్ 4.5 శాతం అని ఉంటే, దాని ఎల్‌టీ బుషింగుల (తీగలు కలిపే చోటు) దగ్గరే షార్ట్ అయితే 133ను 0.045తో భాగించి సుమారు 2960 ఆంపియర్లు వస్తాయి. లైను చివరి ఇంట్లో 117 వచ్చింది గుర్తుందిగా. అదే ఊరు, అదే ట్రాన్స్‌ఫార్మర్, మధ్యలో ఉన్న తీగ ఇంత తేడా తెచ్చింది. మోటారు ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంటే అది నాలుగు పోల్స్ మోటారు, సింక్రనస్ స్పీడ్ (లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం) 1500, స్లిప్ (రోటర్ దానికంటే వెనకబడే వాటా) 4 శాతం. ఈక్వివలెంట్ సర్క్యూట్‌లో రోటర్ రెసిస్టెన్స్‌ను స్లిప్‌తో భాగిస్తాం. ఆగి ఉన్నప్పుడు స్లిప్ 1, నడిచేటప్పుడు 0.04, అంటే నడిచేటప్పుడు ఆ రెసిస్టెన్స్ 25 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. స్టార్టింగ్‌లో మోటారు అంత కరెంటు ఎందుకు లాగుతుందో అక్కడే తెలిసిపోతుంది.

మాక్స్‌వెల్ సమీకరణాలతో మొదలుపెట్టమన్నాయన భౌతికశాస్త్రం దృష్టితో మాట్లాడాడు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. సర్క్యూట్ నియమాలు నిజానికి ఫీల్డ్ సమీకరణాల నుంచే వస్తాయి, సర్క్యూట్ సైజు తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్నదిగా ఉన్నంతవరకు అవి నిలబడతాయి. 50 హెర్ట్జ్‌కు ఆ తరంగదైర్ఘ్యం 6,000 కిలోమీటర్లు. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు మన దేశం పొడవే 3,214 కిలోమీటర్లు. అందుకే ఇంటికీ, ఫ్యాక్టరీకీ, సబ్‌స్టేషన్‌కూ కిర్కాఫ్ హాయిగా సరిపోతాడు. వందల కిలోమీటర్ల లైను దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త పడాలి, వైఫై దగ్గర 12 సెంటీమీటర్లకే కథ మారుతుంది. చరిత్రలోనూ ఇదే వరస. కిర్కాఫ్ తన నియమాలు చెప్పింది 1845లో, అప్పటికి ఆయన కోనిగ్స్‌బర్గ్‌లో విద్యార్థి, వయసు 21. మాక్స్‌వెల్ పేపర్ వచ్చింది ఇరవై ఏళ్ల తర్వాత, 1865లో. వెక్టర్ కాలిక్యులస్ చేతికి వచ్చాక ఫీల్డ్స్ చదవండి, మనసు పెట్టి చదవండి. స్విచ్‌యార్డులో కంకర ఎందుకు పరుస్తారు, ఇన్సులేటర్ గొలుసులో లైనుకు దగ్గరున్న డిస్కు మీదే ఎక్కువ వోల్టేజీ ఎందుకు పడుతుంది, ఇవన్నీ ఫీల్డ్స్ చెబుతాయి. మొదటి నెలలో మాత్రం వద్దు.

ఆర్డ్యునో మీద నాకు కోపమేమీ లేదు. కిట్ కొని, వీడియోలో చూపినట్టు తీగలు గుచ్చి, కోడ్ కాపీ చేసి లైటు వెలిగించి ఆపేస్తే మాత్రం ఏమీ రాలేదు. ఎల్‌ఈడీ ముందు 220 ఓములు ఎందుకు? పిన్ 5 వోల్టులు, ఎల్‌ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది, మిగతా 3 వోల్టులకు 13.6 మిల్లీఆంపియర్లు. రిలే కాయిల్‌ను పిన్‌కు నేరుగా ఎందుకు కలపకూడదు? 70 ఓముల కాయిల్ 70 మిల్లీఆంపియర్లు అడుగుతుంది, పిన్ ఇవ్వాల్సింది 20 దగ్గరే. మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టాక కాయిల్‌కు తిరగేసి డయోడ్ ఎందుకు? ఇండక్టర్‌లో కరెంటు ఒక్కసారిగా ఆగదు కాబట్టి. ఈ మూడు ప్రశ్నలకు లెక్కతో జవాబు చెప్పగలిగాక కిట్ కొనండి, అప్పుడు అది మంచి గురువు అవుతుంది.

ప్రోగ్రామింగ్ గురించి ఇంట్లో ఒత్తిడి ఉంటుందని తెలుసు. బ్రాంచి ఏదైనా చివరికి సాఫ్ట్‌వేరే కదా అని మీకూ టెన్షన్ ఉండవచ్చు. వారంలో కొన్ని గంటలు దానికి ఇవ్వండి, తప్పేమీ లేదు. కానీ రెండింటినీ కలిపే దారి ఒకటుంది. మీరు చేత్తో రాసిన నోడల్ సమీకరణాలను మాట్రిక్స్‌గా పైథాన్‌లో పెట్టి సాధించండి. తర్వాత సర్క్యూట్ ఇస్తే మాట్రిక్స్ తానే తయారుచేసుకునే ప్రోగ్రామ్ రాయండి. ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది, మీ ప్రోగ్రామ్ జవాబును దానితో సరిచూసుకోండి. సిమ్యులేటర్ మీదే పూర్తిగా ఆధారపడొద్దు, అది మీ మీటర్ లోపలి మెగాఓమ్‌ను తనంతట తాను చూపించదు. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) కోచింగ్ మొదటి ఏడాదిలో అక్కర్లేదు. గేట్ ఎలక్ట్రికల్ పేపర్లో 13 మార్కులు గణితానికి ఉంటాయి, మిగతా సబ్జెక్టుల్లో సర్క్యూట్లు అడుగడుగునా ఉంటాయి. ఇప్పుడు చేసేదంతా దానికి కూడా చేరుతుంది.

డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా రెండో ఏడాదిలో చేరేవాళ్లకు విడిగా ఒక మాట. స్టార్ డెల్టా స్టార్టర్ వైరింగ్, ప్యానెల్ పని మీకు మిగతావాళ్లకంటే ఎంతో బాగా వచ్చు, అది పెద్ద ఆస్తి. మీకు తగిలే దెబ్బ గణితంలో. మొదటి ఏడాది బీటెక్ మ్యాథ్స్ మీరు చదివి ఉండరు, రెండో ఏడాది సర్క్యూట్స్ మాస్టారు అది వచ్చనుకునే పాఠం చెబుతారు. సెలవుల్లో సంకీర్ణ సంఖ్యలు, మాట్రిక్సులు, మొదటి క్రమపు అవకలన సమీకరణాలు, ఈ మూడు పూర్తి చేసుకుని రండి. చేరాక కూడా లాప్లాస్ వచ్చేలోపు ఇంటిగ్రేషన్ ఒకసారి తిరగేయండి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఇంగ్లిష్ ఇబ్బందైతే సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆపి ఆపి చూడండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న వారాలకు డీసీ ఒక్కటే పెట్టుకోండి. సామాను పెద్దగా అక్కర్లేదు. బ్రెడ్‌బోర్డు, కలగలుపు రెసిస్టర్లు, నాలుగైదు కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ, ఒక డిజిటల్ మల్టీమీటర్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఒక్కచోట దొరుకుతాయి, వేరే ఊళ్లవాళ్లు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. రోజుకు రెండు మూడు లెక్కలు వేసి, వాటిలో ఒకదాన్ని కట్టి కొలవండి. లెక్కకూ కొలతకూ తేడా వస్తే ఎందుకు వచ్చిందో కాగితం మీద రాయండి. రెసిస్టర్ 5 శాతం టాలరెన్సా, బ్యాటరీ దిగిపోయిందా, మీటర్ లోడింగా, ఏదో ఒకటి దొరుకుతుంది. మీటర్ కొన్నాక ముందు దాని సాకెట్లు చూడండి. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండగా వోల్టేజీ కొలవబోతే మీటర్ నేరుగా షార్ట్ అవుతుంది. 9 వోల్టుల దగ్గర బ్యాటరీ వేడెక్కుతుంది, రేపు ల్యాబ్‌లో 230 దగ్గర అదే పొరపాటు జరిగితే మీటర్ చేతిలోనే పేలవచ్చు. కరెంటు కొలవడం అయిపోయిన వెంటనే ప్రోబ్‌ను వోల్టేజ్ సాకెట్‌లోకి మార్చేయండి, ఆ అలవాటు ఈ వారాల్లోనే పడాలి.